అగ్రికల్చర్ చదివినవాళ్లు రైతులెందుకు కారు? ఆ ప్రశ్న అడిగే తీరులోనే ఉంది చిక్కు

అగ్రికల్చర్ డిగ్రీ చదివే పిల్లల మాట వచ్చినప్పుడల్లా ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. ఏళ్ల తరబడి వ్యవసాయం చదువుతారు, తీరా పట్టా చేతికొచ్చాక పొలం వైపు చూసేవాళ్లే ఉండరు, అందరికీ ఉద్యోగాలే కావాలి అని. వేర్వేరు దేశాల్లో ఈ విద్యార్థుల మీద జరిగిన సర్వేలు చూసినా పైకి అలాగే కనిపిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగమో, పైచదువో, కంపెనీ కొలువో ముందుంటాయి, సొంతంగా సేద్యం చేస్తామనేవాళ్లు తరచూ తక్కువగానే తేలతారు. దాంతో కొందరు ఈ తరానికి మట్టంటే చిన్నచూపని తీర్పు చెప్పేస్తారు, ఇంకొందరు ఆ చదువులే దండగంటారు.

నా దృష్టిలో రెండూ తొందరపాటే. అంకెలు అబద్ధమని కాదు. "నువ్వు రైతువవుతావా?" అనే ఒక్క ప్రశ్నలో చాలా ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ చదువు దేనికోసం పెట్టారు, ఇందులోకి పిల్లలు ఎలా వచ్చారు, వాళ్ల చేతిలో భూమి ఉందా, వాళ్ల కళ్లముందు ఎలాంటి బతుకులు ఉన్నాయి, వీటన్నిటికీ కలిపి వచ్చే జవాబే ఆ సర్వేలో ఒక అంకెగా కనిపిస్తుంది. వీటిని విడదీయకుండా పిల్లల మనసును తప్పుపట్టడం అన్యాయం.

ముందు చదువు సంగతి చూద్దాం. వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుల్ని తయారుచేయడానికి పుట్టిందని మనం అనుకుంటాం కానీ అది సగమే నిజం. ఇప్పుడు చాలా దేశాల్లో కనిపించే నమూనా అమెరికాలో 1862లో వచ్చిన మోరిల్ చట్టంతో మొదలైంది. రాష్ట్రాలకు ప్రభుత్వ భూములు కేటాయించి, వాటిమీద వచ్చిన డబ్బుతో వ్యవసాయం, యంత్రవిద్య లాంటివి నేర్పే కాలేజీలు పెట్టమంది ఆ చట్టం. సామాన్యుల పిల్లలకు పనికొచ్చే ఉన్నత చదువు అందాలన్నది ఉద్దేశం. తర్వాత 1887లో హ్యాచ్ చట్టంతో ఈ కాలేజీలకు ప్రయోగ కేంద్రాలు తోడయ్యాయి, 1914లో స్మిత్-లీవర్ చట్టంతో విస్తరణ సేవలు, అంటే యూనివర్సిటీలో తేలిన విషయాన్ని రైతు దాకా తీసుకెళ్లే యంత్రాంగం వచ్చింది. 1917లో ఇంకో చట్టం బడుల్లో వ్యవసాయం నేర్పే టీచర్లకు జీతాల దారి చూపించింది. ఈ వరస చూడండి. పరిశోధకుడు కావాలి, విస్తరణ అధికారి కావాలి, టీచర్ కావాలి. ఈ ఉద్యోగాలన్నిటికీ మనుషుల్ని సిద్ధం చేసే బాధ్యత ఆ కాలేజీల మీదే పడింది. ఈ నమూనానే ఇరవయ్యో శతాబ్దంలో ఎన్నో దేశాలు తెచ్చుకున్నాయి, 1960లో భారతదేశంలో మొదలైన పంత్‌నగర్ విశ్వవిద్యాలయం కూడా దాని మీద కట్టిందే. కాబట్టి ఆ గేటులోంచి బయటికొచ్చిన విద్యార్థి ఉద్యోగం వైపు చూడటం దారి తప్పడం కాదు, ఆ దారి వేసింది అక్కడికే.

ఇది కొత్తగా వచ్చిన మార్పు కూడా కాదు. జపాన్‌లో 1876లో సప్పొరో వ్యవసాయ కళాశాల పెట్టినప్పుడు తొలి బ్యాచ్‌లలో చదివినవాళ్లలో ఇనాజో నితోబె ఒకరు. ఆయన వ్యవసాయ ఆర్థికశాస్త్రం వైపు వెళ్లి, చివరికి నానాజాతి సమితిలో ఉప ప్రధాన కార్యదర్శి అయ్యారు. అమెరికాలో హెన్రీ వాలెస్ 1910లో అయోవా స్టేట్‌లో పశుపోషణలో డిగ్రీ తీసుకుని, 1926లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల కంపెనీ పెట్టి, 1933లో వ్యవసాయ మంత్రి అయి, 1941లో దేశ ఉపాధ్యక్షుడయ్యారు. దక్షిణ డకోటాలో రైతు బిడ్డగా పుట్టి వ్యవసాయ కాలేజీలో చదివిన థియొడోర్ షుల్ట్జ్‌కి 1979లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పేద రైతు తెలివితక్కువవాడు కాదు, ఉన్న వనరుల్లో అతను చేసేది లెక్క ప్రకారమే ఉంటుందని గట్టిగా వాదించిన మనిషి ఆయన. వీళ్లెవరూ పొలాన్ని వదిలేసి పారిపోయినట్టు నాకు కనిపించరు.

మరి రైతుల్ని తయారుచేసే చదువు ఎక్కడుంది? దానికి కొన్ని దేశాలు వేరే దారి వేసుకున్నాయి. జర్మనీలో రైతు కావాలంటే మామూలుగా మూడేళ్ల అప్రెంటిస్ శిక్షణ ఉంటుంది, ఎక్కువ భాగం గుర్తింపు ఉన్న వ్యవసాయ క్షేత్రంలో పని, మిగతాది వృత్తి బడిలో చదువు. ఐర్లండ్‌లో 'గ్రీన్ సర్ట్' అనే వృత్తి శిక్షణ పత్రం గానీ దానికి సమానమైన చదువు గానీ ఉంటే యువ రైతులకు భూమి బదిలీ అయ్యేటప్పుడు పన్ను రాయితీ దొరుకుతుంది. ఇలాంటి చోట్ల రైతు చదువు, యూనివర్సిటీ చదువు పక్కపక్కన నడుస్తాయి, దేని పని దానిది. ఆ వృత్తి దారి లేని చోట మొత్తం ఆశంతా డిగ్రీ మీద పెట్టి, డిగ్రీ వాళ్లు రైతులు కాలేదని బాధపడుతున్నాం. ఈ తేడా తెలిశాక సగం గందరగోళం తీరుతుంది.

రెండో చిక్కు సర్వేలు అడిగే తీరులో ఉంది. "నీకు ఏమవ్వాలని ఉంది" అని అడిగితే ఒక జవాబు వస్తుంది, "చివరికి ఏమవుతావని అనుకుంటున్నావు" అని అడిగితే అదే విద్యార్థి నోట వేరే జవాబు రావచ్చు. మొదటిది కోరిక, రెండోది లోకం గురించి వాడి అంచనా. మొక్కల జన్యుశాస్త్రంలో పరిశోధన చేయాలని మనసులో ఉన్న అమ్మాయి, ఇంట్లో అప్పులు చూసి, పరిశోధన సీట్లు ఎంత తక్కువో చూసి, "బ్యాంకు పరీక్ష రాస్తాను" అని రాస్తుంది. ఆ కాగితం చదివినవాళ్లకు ఆమెకు పరిశోధన మీద ఆసక్తి లేదనిపిస్తుంది. చాలా చోట్ల ప్రశ్నావళిలో ఈ రెంటినీ విడదీసి అడగరు, పైగా మొదటి సంవత్సరం వాళ్లనీ చివరి సంవత్సరం వాళ్లనీ ఒకే కుప్పలో వేస్తారు. కోరికకీ అంచనాకీ మధ్య ఎంత దూరం ఉందో అదే అన్నిటికంటే విలువైన సమాచారం. ఆ దూరం తక్కువున్న చోట పిల్లలకు ఉత్సాహం చాలు, ఎక్కువున్న చోట అవకాశాలు కావాలి. మందు వేరు.

ఇక పిల్లలు ఈ కోర్సులోకి ఎలా వస్తారన్నది చాలామంది మొహమాటంతో దాటేసే విషయం. ఎన్నో దేశాల్లో అగ్రికల్చర్ మొదటి ఎంపిక కాదు. మెడిసిన్‌కో ఇంజనీరింగ్‌కో ప్రయత్నించి, మార్కులు సరిపోక, ఉన్న సీట్లలో మంచిదని ఇటు వచ్చినవాళ్లు తరగతిలో గణనీయంగా ఉంటారు. కెరీర్ ఎంపికల మీద లిండా గాట్‌ఫ్రెడ్సన్ అనే మనస్తత్వవేత్త 1981లో చెప్పిన సిద్ధాంతం ఇక్కడ బాగా పనికొస్తుంది. పిల్లలు చిన్నప్పటి నుంచే కొన్ని పనుల్ని తమ జాబితాలోంచి కొట్టేస్తూ వస్తారంటుంది ఆమె. ఇది ఆడవాళ్ల పనా మగవాళ్ల పనా అని ముందు, దీనికి సమాజంలో గౌరవం ఉందా లేదా అని తర్వాత, నా ఆసక్తికి సరిపోతుందా అని అన్నిటికంటే చివర. తీరా రాజీ పడాల్సి వచ్చినప్పుడు ముందుగా వదులుకునేది కూడా ఆ చివర వచ్చిన ఆసక్తినే, గౌరవం సంగతి అంత తేలిగ్గా వదులుకోరు. ఈ చూపుతో చూస్తే, మెడిసిన్ చేజారిన కుర్రాడు అగ్రికల్చర్‌లో చేరి అధికారి కావాలని కలగనడంలో వింతేమీ లేదు. కోర్సు మారింది గానీ, వాడు వెతుకుతున్న గౌరవం మారలేదు, ఈ కోర్సులో ఆ గౌరవం ఉన్న కుర్చీ ఏదో దాన్నే వాడు పట్టుకున్నాడు.

ఇష్టం లేకుండా వచ్చినంత మాత్రాన అలాగే ఉండిపోతారని కాదు, ఆ మాటకొస్తే ఈ రంగంలో చాలా గొప్ప పేర్లు పక్కదారిలో వచ్చినవే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

భూమి దగ్గర ఇంకో ముడి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. తరగతిలో కూర్చున్నవాళ్లలో రైతు ఇంటి పిల్లలు ఉంటారు, పొలంతో ఏ సంబంధమూ లేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. రైతు ఇంటి పిల్లలకే సేద్యం మీద మక్కువ ఎక్కువుంటుందని పైకి అనిపిస్తుంది. కొన్ని చోట్ల అది నిజమే, ముఖ్యంగా ఇంట్లో పెద్ద క్షేత్రం ఉండి, అది తనకే వస్తుందని తెలిసినప్పుడు. కానీ చిన్న కమతాల ఇళ్లలో వ్యవహారం తిరగబడుతుంది. వానలు మొహం చాటేసిన ఏడాది ఇంట్లో ఏం జరుగుతుందో, ధర పడిపోయిన రోజు తండ్రి ఎలా ఉంటాడో కళ్లారా చూసిన పిల్లలు వాళ్లు. "నాలాగా నువ్వు కష్టపడకూడదు" అన్న మాట వింటూ పెరిగారు. వాళ్లను చదివించిందే పొలం నుంచి బయట పడేయడానికి. అలాంటి బిడ్డ డిగ్రీ అయ్యాక తిరిగొచ్చి నాగలి పడతానంటే ఇంట్లోవాళ్లకే గుండె ఆగిపోతుంది. మరోవైపు ఊరికి దూరంగా పెరిగిన పిల్లల్లో కొందరికి సేద్యం మీద నిజమైన ఇష్టం ఉంటుంది, సేంద్రియ పద్ధతులనీ, కొత్త పంటలనీ బోలెడు ఆలోచనలుంటాయి, కానీ వాళ్లకు భూమి ఉండదు, కొనే స్తోమతుండదు, నమ్మి కౌలుకిచ్చేవాళ్లు కూడా దొరకరు. ఇష్టం ఒకరి దగ్గర, భూమి ఇంకొకరి దగ్గర. సర్వేలో ఇద్దరూ "ఉద్యోగం" అనే గడిలోనే టిక్కు పెడతారు, కారణాలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

ప్రపంచం మొత్తం మీద చూస్తే ఈ భూమి లెక్క ఎంత బిగుతుగా ఉందో అర్థమవుతుంది. 2021లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో 60 కోట్లకు పైగా వ్యవసాయ క్షేత్రాలున్నాయి, వాటిలో 84 శాతం రెండు హెక్టార్ల కంటే చిన్నవి, అవన్నీ కలిపి సాగుచేసేది మొత్తం వ్యవసాయ భూమిలో సుమారు 12 శాతమే. రెండు హెక్టార్ల లోపు కమతం మీద ఒక డిగ్రీ చదివిన మనిషి తనకు బయట దొరికే జీతంతో సమానంగా, ఏడాది తర్వాత ఏడాది నికరంగా సంపాదించగలడా? కొన్ని పంటల్లో, మార్కెట్‌కి దగ్గరున్న చోట, నీళ్లున్న చోట అవును. చాలా చోట్ల కాదు. ఇది పిల్లల మనస్తత్వానికి సంబంధించిన సంగతి కాదు, కూడికలు తీసివేతల సంగతి.

పైగా ఇంట్లో ఒకరు ఉద్యోగంలో ఉండటం పొలానికి నష్టమని ఎందుకనుకోవాలి? ఆర్థికశాస్త్రంలో 1985లో స్టార్క్, బ్లూమ్ అనే ఇద్దరు ఒక మంచి మాట చెప్పారు. మనిషి ఊరు వదిలి పనికి వెళ్లడాన్ని ఒక్కడి నిర్ణయంగా చూడకండి, కుటుంబం తన రిస్కును పంచుకునే పద్ధతిగా చూడండి అని. ఆదాయమంతా వాన మీద ఆధారపడిన ఇంటికి, వానతో సంబంధం లేని ఒక జీతం ఉండటమంటే బీమా ఉన్నట్టే. ఆ జీతంతోనే బోరు పడుతుంది, డ్రిప్ పైపులు వస్తాయి, పంట పోయిన ఏడాది వడ్డీకి పోకుండా గడుస్తుంది. అమెరికా లాంటి చోట కూడా రైతు కుటుంబాల్లో ఎక్కువ ఇళ్లకు ఆదాయంలో పెద్ద వాటా పొలం బయటి నుంచే వస్తుంది. కాబట్టి ఉద్యోగమా సేద్యమా అని అటో ఇటో తేల్చుకోమనడమే పొరపాటు. చాలామంది జీవితంలో ఈ రెండూ కలిసే ఉంటాయి, ఒక్కోసారి ముందు ఇది, ఇరవై ఏళ్ల తర్వాత అది. చివరి సంవత్సరంలో "ఉద్యోగం" అని రాసిన విద్యార్థి నలభై ఏళ్లకు కొంత డబ్బు చేతిలో పెట్టుకుని పొలానికి తిరిగొస్తే, ఆ సంగతి ఏ సర్వేలోనూ ఉండదు.

ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగం మీద ఉన్న మోజు. దీన్ని సోమరితనం కింద కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. డెబ్రాజ్ రే అనే ఆర్థికవేత్త 2006లో రాసిన ఒక వ్యాసంలో, మనిషి ఏం కోరుకుంటాడనేది అతనికి ఎలాంటి జీవితాలు కనిపిస్తున్నాయి అనేదాన్ని బట్టి ఉంటుందన్నారు. ఎవరైనా కలలు కనేది తనలాంటి ఇంటి నుంచి వచ్చి, తనకు అందేంత దూరంలో ఉన్నవాళ్లను చూసే. అగ్రికల్చర్ విద్యార్థికి కనిపించేది ఎవరు? పాఠం చెప్పే ప్రొఫెసర్, ఊళ్లో తిరిగే వ్యవసాయ అధికారి, తనకంటే నాలుగేళ్లు ముందు పాసై నెలజీతం తెచ్చుకుంటున్న సీనియర్. ఇదే చదువు చదివి సేద్యంలో బాగా నిలదొక్కుకున్న మనిషి ఎదురుపడే అవకాశం నాలుగేళ్లలో ఎన్నిసార్లు వస్తుంది? కనిపించని దాన్ని కోరుకోమంటే ఎలా?

ఈ చూపులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, కనిపించేది ఎప్పుడూ నిన్నటి లోకం. ఈజిప్టులో 1964లో తెచ్చిన చట్టం డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగం హామీ ఇచ్చింది. పట్టభద్రుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ఉద్యోగం కోసం ఎదురుచూపులు ఏళ్లకు ఏళ్లయ్యాయి, అయినా ఆ ఉద్యోగం మీద ఆశ మాత్రం జనంలో చాలాకాలం బతికే ఉంది. చైనాలో కూడా 1990ల దాకా డిగ్రీ పూర్తయినవాళ్లను ప్రభుత్వమే ఫలానా చోట పనిచేయమని పంపేది. 1980ల నుంచి అప్పులిచ్చే సంస్థల షరతులతో వచ్చిన సంస్కరణల పేరుతో చాలా దేశాలు ప్రభుత్వ నియామకాలు తగ్గించుకున్నప్పుడు వ్యవసాయ విస్తరణ శాఖలు కూడా దెబ్బతిన్నాయి. ముందు తరానికి డిగ్రీ అంటే దాదాపు ఖాయమైన కొలువు, ఈ తరానికి అదే డిగ్రీ వేలమందితో పోటీ పరీక్ష. తల్లిదండ్రుల జ్ఞాపకంలో ఉన్న లోకాన్ని పిల్లలు కోరుకుంటున్నారు, ఆ లోకమేమో చిన్నదైపోయింది. టెన్షన్ అంతా ఈ మధ్యలోనే పుడుతుంది. పరీక్షలు రాస్తూ రాస్తూ గడిచిపోయే ఆ ఏళ్లలో, చదివిన చదువు చేతిలో తుప్పుపడుతుంది, అది నిజంగా పెద్ద నష్టం.

కొలువులు లేవా అంటే ఉన్నాయి, వేరే చోట ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం 2019లో ఆహార, వ్యవసాయ వ్యవస్థల్లో పనిచేస్తున్నవాళ్లు 123 కోట్ల మంది, వాళ్లలో 85.7 కోట్లు నేరుగా సాగు, పశుపోషణ, చేపల వేట లాంటి ఉత్పత్తి పనుల్లో, 37.5 కోట్లు ఆ తర్వాతి పనుల్లో, అంటే నిల్వ, రవాణా, శుద్ధి, అమ్మకం వగైరా. దేశం ఆదాయం పెరిగేకొద్దీ మొదటి సంఖ్య తగ్గుతూ రెండోదాని వాటా పెరుగుతుంది. విత్తనాలు, పంట బీమా, నాణ్యత పరీక్షలు, ఉపగ్రహ చిత్రాలతో పంట అంచనాలు, నేల పరీక్షలు, చల్లని గిడ్డంగులు, ఇవన్నీ ఆ వాటాలోకో దాని చుట్టుపక్కలకో వస్తాయి. ఇబ్బందల్లా ఈ పనులకు ఊళ్లో బోర్డు కట్టిన ఆఫీసు ఉండదు, ఇంట్లో చెప్తే అదేం ఉద్యోగమో అర్థం కాదు. సంబంధాలు చూసేటప్పుడు "వ్యవసాయ అధికారి" అన్న మాటకున్న బరువు "సప్లై చెయిన్ విశ్లేషకుడు"కి రాదు. పైగా విత్తన, పురుగుమందుల రంగంలో కంపెనీలు కలిసిపోయి తగ్గాయి, డౌ, డ్యూపాంట్ 2017లో, బేయర్, మోన్శాంటో 2018లో ఒకటయ్యాయి. పెద్ద కంపెనీల్లో పరిశోధన కుర్చీల కోసం చూసేవాళ్లకు తలుపులు ఎన్నున్నాయో తెలిసి ఉండటం మంచిది.

పక్కదారిలో వచ్చినవాళ్ల సంగతి చెప్తానన్నాను. నార్మన్ బోర్లాగ్ అయోవా రైతు బిడ్డ. మిన్నెసొటా యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో తప్పారు, అక్కడే ఉన్న రెండేళ్ల కాలేజీలో చేరి, తర్వాత అటవీశాస్త్రంలోకి మారారు. ఆయన కోరుకున్నది అడవుల శాఖలో ఉద్యోగం. 1937లో డిగ్రీ పూర్తయ్యేసరికి వస్తుందనుకున్న ఆ ఉద్యోగం నిధుల్లేక ఆగిపోయింది. ఎల్విన్ స్టాక్‌మన్ అనే ప్రొఫెసర్ తుప్పు తెగులు మీద ఇచ్చిన ఉపన్యాసం విని ఉన్నారు, ఆ ప్రొఫెసర్ దగ్గరే మొక్కల తెగుళ్ల శాస్త్రంలో పైచదువుకి చేరారు. 1944లో మెక్సికో వెళ్లారు, గోధుమ మీద పనిచేశారు, 1970లో నోబెల్ శాంతి బహుమతి. అనుకున్న ఉద్యోగం అనుకున్న రోజున వచ్చి ఉంటే కథ వేరు.

అమెరికాలో వ్యవసాయ శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న జార్జ్ వాషింగ్టన్ కార్వర్ మొదట చదివింది చిత్రలేఖనం. ఆయన మొక్కల బొమ్మల్లో నేర్పు చూసి ఎట్టా బడ్ అనే టీచరు అయోవా స్టేట్‌లో వృక్షశాస్త్రం చదవమని పంపారు. బార్బరా మెక్‌క్లింటాక్ కార్నెల్ వ్యవసాయ కళాశాలలో చదువుతూ జన్యుశాస్త్రం కోర్సు ఒకటి తీసుకున్నారు, ఆ పాఠం చెప్పిన హచిసన్ ఆమె ఆసక్తి గమనించి 1922లో ఫోన్ చేసి పైతరగతి కోర్సులోకి రమ్మన్నారు. తన జీవితాన్ని ఆ పిలుపే జన్యుశాస్త్రం వైపు తిప్పిందని ఆమె తర్వాత గుర్తుచేసుకున్నారు, 1983లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఎం.ఎస్. స్వామినాథన్ ముందు జంతుశాస్త్రంలో డిగ్రీ చేశారు, 1943 బెంగాల్ కరువు చూశాక వ్యవసాయం వైపు మళ్లారు, మధ్యలో పోలీసు సర్వీసుకి ఎంపికయ్యారు కూడా, అది వదులుకుని నెదర్లాండ్స్‌లో జన్యుశాస్త్రం చదివే ఫెలోషిప్ తీసుకున్నారు. అంత కష్టపడి తెచ్చుకున్న సర్కారు కొలువుని పక్కన పెట్టగలిగారంటే, చేతిలో ఇంకో దారి పక్కాగా ఉండబట్టే కదా. ఆ ఫెలోషిప్ లేకపోయుంటే ఏం జరిగేదో ఊహించుకోండి.

ఇక్కడ నేను చెప్పాలనుకున్నది గొప్పవాళ్ల గురించి కాదు. ఇరవై ఏళ్ల వయసులో ఉన్న కోరిక స్థిరమైనది కాదు, ఒక పాఠం, ఒక ఫోను, ఒక ఫెలోషిప్ దాన్ని తిప్పేయగలవు. లెంట్, బ్రౌన్, హ్యాకెట్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు 1994లో ప్రతిపాదించిన సిద్ధాంతం సారాంశం కూడా ఇంచుమించు ఇదే. ఒక పని నేను చేయగలననే నమ్మకం, చేస్తే ఫలితం దక్కుతుందనే అంచనా, ఈ రెండూ కలిస్తేనే ఆసక్తి పుడుతుంది, ఆసక్తి లక్ష్యమవుతుంది, దారిలో అండ ఎంత, అడ్డంకి ఎంత అన్నదాన్ని బట్టి అది నిలబడుతుంది. "చేయగలను" అన్న నమ్మకం పుస్తకంతో రాదు, చేసి చూస్తేనే వస్తుంది. నాలుగేళ్లలో ఒక్క పంటను కూడా విత్తనం నుంచి అమ్మకం దాకా సొంత లెక్కతో నడపని విద్యార్థి, "నేను సేద్యం చేయగలను" అని ఏ ధైర్యంతో రాస్తాడు?

దీన్ని సీరియస్‌గా తీసుకున్న చోట్లు ఉన్నాయి. హోండురాస్‌లో 1940ల నుంచి నడుస్తున్న సమొరానో విశ్వవిద్యాలయంలో చదువులో పెద్ద భాగం పొలం పనే, చేస్తూ నేర్చుకోవడం అక్కడి పద్ధతి. కోస్టారికాలో 1990లో మొదలైన ఎర్త్ యూనివర్సిటీలో విద్యార్థులు గుంపుగా ఒక చిన్న కంపెనీ పెట్టి, అప్పు తీసుకుని, సరుకు తయారుచేసి అమ్మి, చివర్లో లెక్క చూపి మూసేయాలి. లాభం వస్తే సరే, నష్టం వచ్చినా చదువులో భాగమే. నష్టం అంటే ఏమిటో జీవితాన్ని పణంగా పెట్టకుండా తెలుసుకునే వీలు అక్కడుంది, రైతు ఇంటి పిల్లలకు చిన్నప్పుడు దొరకనిది సరిగ్గా అదే. మిగతా చాలా చోట్ల ఉండే కొన్ని వారాల పల్లె అనుభవం, రికార్డు పుస్తకం నింపి సంతకం పెట్టించుకునే కార్యక్రమంగా మిగిలిపోతోంది. దాన్ని ఒక పూర్తి పంటకాలం చేస్తే చాలు, పిల్లల జవాబుల్లో తేడా వస్తుందని నా గట్టి నమ్మకం.

అమ్మాయిల విషయం విడిగా చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఈ కోర్సుల్లో అమ్మాయిల సంఖ్య చాలా దేశాల్లో బాగా పెరిగింది, కొన్ని చోట్ల సగం దాటింది. కానీ భూమి వారసత్వంలో ఇప్పటికీ ఎక్కువగా కొడుక్కే పోతుంది, పెళ్లి తర్వాత ఊరు మారితే ఉన్న భూమి కూడా చేతికి అందదు. భూమి మీద పేరు లేని మనిషికి బ్యాంకు అప్పు కష్టం, చీకటి పడ్డాక పొలంలో నీళ్లు పెట్టడానికి ఒంటరిగా వెళ్లడం కూడా అన్ని చోట్లా సాధ్యం కాదు. కంపెనీల్లో ఊళ్లు తిరిగే ఫీల్డ్ ఉద్యోగాలకు అబ్బాయిల్నే తీసుకునే అలవాటు ఉంది. ఇన్ని తలుపులు మూసి ఉన్నప్పుడు ల్యాబు, బోధన, ప్రభుత్వ కార్యాలయం వైపు అమ్మాయిలు ఎక్కువ మొగ్గితే అది వాళ్ల సహజమైన ఇష్టమని రాసేవాళ్లున్నారు. ఆ తలుపులు తీశాక అడిగి చూడాలి.

మరోపక్క పొలాల్లో వయసు పెరుగుతోంది. అమెరికాలో 2022 లెక్కల ప్రకారం రైతు సగటు వయసు 58 దాటింది, జపాన్‌లో సేద్యమే ప్రధాన వృత్తిగా ఉన్నవాళ్ల సగటు 2020 నాటికే 68 దగ్గరికి చేరింది, యూరోపియన్ యూనియన్‌లో అదే ఏడాది క్షేత్రాలు నడుపుతున్నవాళ్లలో నలభై ఏళ్ల లోపు వాళ్లు సుమారు 12 శాతమే. చదువుకున్న యువత పొలాల్లోకి రావాలన్న ఆరాటం వెనక ఈ అంకెలున్నాయి, ఆ ఆరాటం న్యాయమైనదే. అయితే ఆరాటపడిన దేశాలు ఉపన్యాసాలతో ఆగలేదు. ఫ్రాన్స్‌లో 1960 నాటి చట్టంతో వచ్చిన ప్రాంతీయ సంస్థలకు అమ్మకానికి వచ్చే వ్యవసాయ భూమిని ముందుగా కొనే హక్కు ఉంది, కొత్తగా సేద్యం మొదలుపెట్టేవాళ్లకు భూమి దక్కేలా చూడటం వాటి పనుల్లో ఒకటి. జపాన్ 2012 నుంచి కొత్తగా సాగులోకి వచ్చేవాళ్లకు శిక్షణ కాలంలోనూ, మొదలుపెట్టిన తొలి ఏళ్లలోనూ ఏటా కొంత డబ్బిస్తోంది. యూరోపియన్ యూనియన్ నలభై ఏళ్ల లోపు రైతులకు అదనపు చెల్లింపులు పెట్టింది. వీటితో సమస్య తీరిపోలేదు, వయసు సగటులు ఇంకా అలాగే ఉన్నాయి. కానీ కనీసం వాళ్లు అడ్డంకి ఎక్కడుందో సరిగ్గా గుర్తించారు, భూమి దగ్గర, మొదటి ఏళ్ల ఆదాయం దగ్గర.

అందుకే సర్వేలు చేసేవాళ్లకు నాదొక విన్నపం. "రైతువవుతావా?" అని అడగడం మానేయండి. "నీకు పదేళ్లకు నికరమైన కౌలు పత్రం దొరికి, మొదటి మూడేళ్లు కనీస ఆదాయానికి భరోసా ఉండి, నీ చదువుకి తగ్గ సలహా ఇచ్చే మనిషి పక్కన ఉంటే, అప్పుడు సేద్యం చేస్తావా?" అని అడగండి. అదే విద్యార్థిని రెండో ఏడాదిలో ఒకసారి, చివరి ఏడాదిలో ఒకసారి, బయటికెళ్లిన ఐదేళ్లకు మళ్లీ ఒకసారి అడగండి. భూమి ఉందా లేదా, ఈ కోర్సు మొదటి ఎంపికా కాదా, అబ్బాయా అమ్మాయా అన్నవి విడగొట్టి చూపండి. అప్పుడు "కాదు" అన్నవాళ్లను వదిలేయండి, వాళ్లు మంచి శాస్త్రవేత్తలో అధికారులో వ్యాపారులో అవుతారు, సేద్యానికి వాళ్ల అవసరమూ ఉంది. "అవును" అన్నవాళ్లు ఎంతమందో, వాళ్లు ఆ మూడు షరతుల్లో దేని దగ్గర ఆగిపోతున్నారో లెక్కతీస్తే, ఏ షరతు మీద ముందు డబ్బు పెట్టాలో బడ్జెట్ రాసేవాళ్లకు తెలుస్తుంది.